దేవరకొండ వకీలు, తర్వాత "జడ్జి సాబ్": నిజాం కాలపు న్యాయవాది జీవితాన్ని కాగితాల్లోంచి రాబట్టడం ఎట్లా

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ ముత్తాత గారు దేవరకొండలో వకీలుగా పేరు తెచ్చుకున్నారని, తర్వాత జడ్జి అయి పెన్షన్ మీద దిగిపోయారని ఇంట్లో చెప్పుకుంటారు. పాత సందుగలో నలభై దాకా ఉర్దూ కాగితాలు, కొన్ని తెలుగు చిట్టీలు, తలపాగాతో ఒక ఫోటో దొరికాయి. "బ్రిటిష్ కాలపు జడ్జి" అని రాయవచ్చా, ఆయన ఉద్యోగ వివరాలు ఎక్కడ దొరుకుతాయి అన్నారు.

"బ్రిటిష్ కాలపు జడ్జి" అని మాత్రం రాయకండి. ఇది మాట పట్టింపు కాదు. మీ వెతుకులాట అంతా దీని మీదనే నిలబడి ఉంది. దేవరకొండ బ్రిటిష్ ఇండియాలో లేదు, నిజాం హైదరాబాద్ రాజ్యంలో ఉంది. ఆ రాజ్యానికి సొంత చట్టాలు, సొంత హైకోర్టు, సొంత స్టాంపు కాగితం, సొంత రూపాయి ఉండేవి. శిక్షాస్మృతి పేరు కూడా వేరే, తాజీరాత్-ఎ-ఆసఫియా. ఇక్కడి కేసు మద్రాసుకు గానీ లండన్ ప్రివీ కౌన్సిల్‌కు గానీ పోయేది కాదు. హైదరాబాద్ హైకోర్టు, అంటే అదాలత్-ఉల్-ఆలియా, దాని పైన నిజాం జుడీషియల్ కమిటీ, అక్కడితో ఆఖరు. మద్రాసు గెజిట్లు తిరగేసి "పేరు లేదు" అని నిరాశపడేవాళ్లు చాలామంది. ఉండవలసిన చోటు అది కానే కాదు.

కాబట్టి ముందు తేల్చుకోవలసింది ఒక్కటే. ఆయన ఎవరి కోర్టులో వాదించారు, ఎవరి కోర్టులో కూర్చున్నారు? నల్లగొండ, పాలమూరు ప్రాంతంలో దీనికి మూడు జవాబులు ఉండవచ్చు.

ఒకటి దీవానీ ఇలాఖా, అంటే నేరుగా సర్కారు కింద ఉన్న తాలూకాలు. దేవరకొండ, సూర్యాపేట, భువనగిరి, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ వంటివి. ఇక్కడి మున్సిఫ్ సర్కారు నౌకరు. ఆయన నియామకం, బదిలీ, సెలవు అన్నీ సర్కారు గెజిట్‌లో, అంటే జరీదలో అచ్చయ్యేవి.

రెండోది సంస్థానాలు, జాగీర్లు. వనపర్తి, గద్వాల వంటి పెద్ద సంస్థానాలకు సొంత కోర్టులు ఉండేవి. అక్కడ జడ్జిని పెట్టుకునేది రాజావారి కచేరి. అందుకే ఊళ్లో అందరూ "జడ్జి గారు" అన్న మనిషి పేరు సర్కారీ జాబితాల్లో ఒక్కచోట కూడా కనిపించకపోవచ్చు. అంతమాత్రాన ఇంట్లో చెప్పిన మాట అబద్ధం అనుకోకండి. ముందు సంస్థానం కాగితాలు చూడాలి.

మూడోది మునగాల. నల్లగొండ జిల్లా నడుమ ఉన్నా, ఈ పరగణా కృష్ణా జిల్లా కింద, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1959లో గానీ నల్లగొండలో కలవలేదు. మీ వంశంలో ఎవరైనా మునగాల వైపు వకాలత్ చేసి ఉంటే, ఆ ఒక్క మనిషి విషయంలోనే "బ్రిటిష్ కోర్టు" అన్న మాట సరిపోతుంది. ఆయన కాగితాలు ఇంగ్లీషు, తెలుగు భాషల్లో, ఇంగ్లీషు తేదీలతో ఉంటాయి. వెతకవలసింది కృష్ణా జిల్లా కోర్టుల్లో, మద్రాసు హైకోర్టు రికార్డుల్లో, ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్‌లో. పదిహేను మైళ్ల తేడాలో రెండు రాజ్యాల న్యాయం నడిచిన ప్రాంతం మనది. ఇది మనసులో పెట్టుకోకపోతే ఏ జీవితచరిత్రా కుదరదు.

ఇక "జడ్జి" అన్న మాట. ఇంట్లోవాళ్లు చెప్పే జడ్జి, కాగితంలో ఉండే హోదా ఒకటి కావు. కింది నుంచి పైకి మెట్లు ఇట్లా ఉండేవి: తాలూకా స్థాయిలో మున్సిఫ్ అదాలత్, జిల్లాకు అదాలత్-ఎ-జిలా, సుబాకు, అంటే కొన్ని జిల్లాల కూటమికి, సదర్ అదాలత్, ఆపైన హైకోర్టు. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ మెదక్ సుబాలో ఉండేవి. కాబట్టి కాగితంలో "గుల్షనాబాద్" అని కనిపిస్తే కంగారు పడకండి, అది మెదక్ సుబా పేరే. 1921లో నిజాం ఫర్మానాతో న్యాయశాఖను రెవెన్యూ నుంచి విడదీశారు. బ్రిటిష్ జిల్లాల్లో కలెక్టరే మేజిస్ట్రేటుగా ఉన్న రోజుల్లోనే ఇక్కడ ఈ పని జరిగింది. అంతకుముందు తహసీల్దార్లకు, తాలూక్‌దార్లకు కూడా నేర విచారణ అధికారాలు ఉండేవి. అందువల్ల 1921కి ముందు "శిక్ష వేసిన దొర" తహసీల్దారై ఉండవచ్చు. మొదటి తాలూక్‌దారు అంటే ఇప్పటి కలెక్టర్ అని కూడా గుర్తుంచుకోండి, తాలూకా అధికారి కాదు.

ఇక్కడ అందరూ పడే గుంత ఒకటి ఉంది. జిల్లా జడ్జిని నాజిమ్ అనేవారు. కోర్టులో సమన్లు, జప్తుల పని చూసే గుమాస్తా నాజిర్. ఉర్దూలో ఈ రెండు మాటలకూ ఆఖరి అక్షరం ఒక్కటే తేడా, మీమ్ లేదా రే. కోర్టు గుమాస్తాలు రాసిన షికస్తా, అంటే గొలుసుకట్టు రాతలో, ఆ ఆఖరి అక్షరం చిన్న తోకగా మిగులుతుంది. నాజిర్‌ను నాజిమ్‌గా చదివితే గుమాస్తా జిల్లా జడ్జి అయిపోతాడు. అట్లాగే మున్సిఫ్, మున్సరిమ్, మున్షీ. మున్సరిమ్ అంటే ఆ పదవిలో తాత్కాలికంగా పనిచేస్తున్న అధికారి, మున్షీ అంటే రాతకోతల మనిషి. హోదా మాట ఉన్న చోటల్లా ఉర్దూ షికస్తా తెలిసిన ఇద్దరితో విడివిడిగా చదివించండి. ఒకరు చదివింది రెండోవారికి ముందే చెప్పకండి.

చదివించడానికి ముందు కాగితాల సంగతి. లామినేషన్ చేయించకండి, సెల్లో టేపు అంటించకండి. రెండూ కాగితాన్ని పసుపు చేసి చంపుతాయి, మళ్లీ విడదీయలేం. మడతలు గట్టిపడిన కాగితాన్ని చేత్తో సాగదీయకుండా, రెండు తెల్ల కాగితాల నడుమ పెట్టి పైన తేలికపాటి బరువుంచి కొన్ని రోజులు వదిలేయండి. తర్వాత 600 డిపిఐలో, రంగుల్లో, రెండు వైపులా స్కాన్ చేయండి. వెనక వైపు ఖాళీగా కనిపించినా వదలకండి. సమను ఎవరికి, ఏ ఊళ్లో అందింది, అందుకున్నవాడు వేలిముద్ర వేశాడా సంతకం చేశాడా అన్న తామీల్ రిపోర్టు వెనకనే ఉంటుంది. ప్రతి కాగితానికి మూలన పెన్సిల్‌తో నంబరు వేయండి. పెన్ను ముట్టుకోకండి.

మీ దగ్గరున్న నలభైలో ఎక్కువ భాగం ఫైసలా నకళ్లు అయి ఉంటాయి, అంటే తీర్పుల సర్టిఫైడ్ కాపీలు. ఒక నకలును ఎట్లా చూడాలో చెప్తాను, మిగతావి మీరే చూసుకోగలరు.

పైన స్టాంపు. దాని కింద కోర్టు పేరు. ఆ కింద "బఇజ్లాస్" అన్న మాటతో మొదలయ్యే వరస ఉంటుంది. బఇజ్లాస్ అంటే "ఫలానా వారి బెంచి ముందు" అని. ఆ వెంట వచ్చేదే జడ్జి పేరు, ఆ తర్వాత హోదా. మీ ముత్తాత గారి పేరు ఈ వరసలో ఉంటే ఆ రోజు ఆయన తీర్పు చెప్పిన మనిషి. తర్వాత కేసు నంబరు, సంవత్సరం. తర్వాత ముద్దయీ, అంటే దావా వేసినవాడు. ముద్దాఅలైహ్, అంటే దావా ఎవరి మీదో వాడు. ఒక్కొక్కరి పేరు వెంట "వల్ద్" అని తండ్రి పేరు, "పేషా" అని వృత్తి, "సాకిన్" అని ఊరు. పార్టీ పేరు పక్కన "అసాలతన్" అని ఉంటే తనే స్వయంగా వచ్చాడని, "వకాలతన్" అని ఉంటే వకీలు ద్వారా వచ్చాడని. వకీలు పేరు అక్కడే దొరుకుతుంది. మీ ముత్తాత గారు బఇజ్లాస్ వరసలో ఉన్న కాగితాలు ఒక కట్ట, వకాలతన్ దగ్గర ఉన్నవి ఒక కట్ట, పేషా వకాలత్ అని తానే పార్టీగా ఉన్నవి ఒక కట్ట చేయండి. ఆయన ఉద్యోగ జీవితం సగం అక్కడికక్కడే విడిపోతుంది.

అదే నకలులో మోసపోయే చోట్లు రెండున్నాయి. మొదటిది తేదీ. నకలు మీద కనీసం మూడు రకాల తేదీలు ఉంటాయి: తీర్పు తేదీ, నకలు కోసం దరఖాస్తు పెట్టిన తేదీ, నకలు చేతికిచ్చిన తేదీ. తీర్పు వచ్చిన పదేళ్లకు కూడా నకలు తీయించుకుంటారు. అంచున ఉన్న తేదీని తీర్పు తేదీ అనుకుంటే లెక్క తప్పుతుంది. రెండోది సంతకం. నకలులో "షరహ్ దస్తఖత్" అని రాసి పేరు ఉంటే, అసలు కాగితం మీద ఫలానావారి సంతకం ఉంది అని నకలు రాసినవాడు చెప్తున్నాడన్న మాట. అది మీ ముత్తాత గారి చేతిరాత కాదు. ఫోటో తీసి పుస్తకం అట్టకు వేయకండి.

పేర్ల విషయంలో ఓపిక కావాలి. ఉర్దూ లిపిలో ళ, ణ లేవు. ఎ, ఇ ఒకటిగా, ఒ, ఉ ఒకటిగా కనిపిస్తాయి. నరసింహారావు గారు నర్సిమ్మ రావ్, నర్సింగ్ రావ్, నర్సింహ రావ్ అని మూడు తీర్లుగా దొరుకుతారు. ఇంటిపేరు చాలాసార్లు ఉండదు. అందుకే పేరు ఒక్కటే కలిస్తే చాలదు, తండ్రి పేరు, ఊరు రెండూ కలవాలి. ఒకే జిల్లాలో ఒకే పేరుతో ఇద్దరు వకీళ్లు ఉంటే ఇద్దరి జీవితాలు కలిపి ఒక్కరి పుస్తకంగా అచ్చువేసే ప్రమాదం ఉంది.

తేదీలకు వస్తే, ఇక్కడ కోర్టు నడిచింది ఫస్లీ సంవత్సరంలో, అంటే సర్కారు రెవెన్యూ లెక్కల సంవత్సరంలో. హైదరాబాద్ ఫస్లీ అక్టోబర్ 6 ప్రాంతంలో ఆజుర్ నెలతో మొదలవుతుంది. వరస: ఆజుర్, దై, బహ్మన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, అర్దీబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహర్, ఆబాన్. మొదటి మూడు నెలలకు ఫస్లీ సంఖ్యకు 590 కలపండి, మిగతా తొమ్మిదింటికి 591. బహ్మన్ చివరి రోజులు జనవరిలోకి జారతాయి, అది ఒక్కటి చూసుకోండి. ఉదాహరణకు 10 దై 1338 అంటే 1928 నవంబర్. 15 తీర్ 1338 అంటే 1929 మే. మద్రాసు వైపు ఫస్లీ జూలైలో మొదలయ్యేది. ఇంటర్నెట్‌లో దొరికే లెక్కలు కొన్ని దాని ప్రకారం ఉంటాయి, అవి మనకు పనికిరావు.

ఇంకో చిక్కు, ఫర్మానాలు, కొన్ని సనదులు (సర్కారు ఇచ్చే అధికార పత్రాలు) హిజ్రీలో ఉంటాయి. 1339 హిజ్రీ 1920–21లో పడుతుంది, 1339 ఫస్లీ 1929–30లో పడుతుంది. తొమ్మిదేళ్ల తేడా. సంఖ్య పక్కన చిన్నగా ఉన్న అక్షరం చూడండి: ఫే ఉంటే ఫస్లీ, హే ఉంటే హిజ్రీ. ఉర్దూ అంకెల్లో సున్నా ఒక చుక్క మాత్రమే. సిరా మరక అనుకొని వదిలేస్తే 1330 కాస్తా 133 అవుతుంది. 2, 3 అంకెలు కూడా పాత రాతలో ఒకదానికొకటి పొరపడేటట్టే ఉంటాయి. దావా మొత్తాలు, ఫీజులు మామూలు అంకెల్లో కాకుండా రఖమ్ గుర్తుల్లో ఉంటాయి. అవి అరబీ మాటలను కుదించిన లెక్కల రాత. ఉర్దూ బాగా వచ్చినవాళ్లకు కూడా రఖమ్ రాకపోవచ్చు, పాత రెవెన్యూ కాగితాలు చదివే మనిషి కావాలి.

జీతం కనిపిస్తే అది హాలీ సిక్కా రూపాయలు, బ్రిటిష్ కల్దార్ కాదు. 100 కల్దార్ రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ, అంటే ఏడు హాలీకి ఆరు కల్దార్. కాగితంలో నెలకు 350 అని ఉంటే అది 300 కల్దార్. మద్రాసు మున్సిఫ్ జీతంతో పోల్చి రాయాలనుకుంటే ఈ లెక్క కట్టాకే రాయండి.

వకీలుగా ఆయన ఏ దర్జా అన్నది కూడా ముఖ్యం. ఒకటో దర్జా, రెండో దర్జా, మూడో దర్జా అని ఉండేవి. ఏ కోర్టు దాకా పోయి వాదించవచ్చో దాన్ని బట్టే. పరీక్ష పాసైన సంవత్సరం, సనదు తీసుకున్న సంవత్సరం, పేషీలకు నిలబడ్డ సంవత్సరం మూడూ వేరు కావచ్చు. సనదు కాగితం దొరికితే దాని మీద దర్జా రాసి ఉంటుంది. కొందరు దర్జా పరీక్షల దారిలో కాకుండా డిగ్రీ దారిలో వచ్చారు. పాలమూరు జిల్లాలో పుట్టిన బూర్గుల రామకృష్ణారావు గారు పుణె ఫెర్గూసన్ కాలేజీలో చదివి, బొంబాయి విశ్వవిద్యాలయం నుంచి 1923లో ఎల్.ఎల్.బి. పట్టా పుచ్చుకొని హైదరాబాద్ హైకోర్టులో వకాలత్ పెట్టారు. సురవరం ప్రతాపరెడ్డి గారు కూడా రాజ్యం బయటికి పోయి బి.ఎల్. తెచ్చుకున్నారు. నిజాం కాలేజీ అప్పట్లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. కాబట్టి మీ ముత్తాత గారికి బి.ఏ. ఉందని ఇంట్లో అంటే మద్రాసు, బొంబాయి విశ్వవిద్యాలయాల పాత క్యాలెండర్లలో పట్టభద్రుల పట్టీలు చూడండి. ఉస్మానియా 1918 తర్వాతి మాట, అప్పట్లో అక్కడ చదువు ఉర్దూలో. వకాలత్ నుంచి బెంచికి పోవడం కొత్త సంగతేమీ కాదు. గుల్బర్గాలో వకీలుగా మొదలైన కేశవరావు కోరాట్కర్ గారు హైకోర్టు జడ్జీ దాకా ఎదిగారు.

భాష గురించి ఆగి చెప్పాలి, ఎందుకంటే ఆ కాలపు వకీలు బతుకు అర్థం కావాలంటే ఇది తెలియాలి. 1880ల నడిమి దాకా కోర్టు భాష పారసీ, తర్వాత ఉర్దూ. దావా వేసే రైతు తెలుగువాడు. పట్వారీ చిత్తు, సాహుకారు పద్దు తెలుగులో. సాక్షి తెలుగులో చెప్తాడు, ఇజ్‌హార్, అంటే వాంగ్మూలం, ఉర్దూలో రాసుకుంటారు, చదివి వినిపిస్తారు, సాక్షి తనకు రాని భాష కింద వేలిముద్ర వేస్తాడు. "గట్టు" అన్నది "గట్" అయి, "శిఖం" అన్నది ఇంకేదో అయి, హద్దు జరిగిపోయేది. చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే భూమిలో, పట్టా ఉండదు, పక్క మెట్ట చెలకకు ఉంటుంది. ఒక్క మాట తప్పు పడితే ఎకరాలు పోతాయి. రెండు భాషలూ వచ్చిన వకీలుకు ఉన్న గిరాకీ అంతా అక్కడిదే. మీ సందుగలో ఉన్న తెలుగు చిట్టీలు బహుశా కక్షిదారులు తెచ్చిచ్చిన సంగతులు. వాటిని పక్కన పెట్టకండి, వాటిని ఉర్దూ దావాతో కలిపి చూడండి. రైతు చెప్పింది ఏమిటి, కోర్టు కాగితంలోకి ఎక్కింది ఏమిటి అని వరసలు పక్కపక్కన పెట్టగలిగితే, మీ పుస్తకంలో అంతకు మించిన అధ్యాయం ఉండదు.

ఆ భాషా గౌరవం కోసం కదిలినవాళ్లలో కూడా వకీళ్లే ముందు. 1921 నవంబర్‌లో హైదరాబాద్ వివేకవర్ధిని సభలో అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే అల్లరి చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంలోంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఆంధ్ర మహాసభ రెండో సభ 1931లో మీ దేవరకొండలోనే జరిగింది, అధ్యక్షులు బూర్గుల వారు. ఆ రోజు ఊళ్లో ఉన్న వకీలు ఆ సభకు పోయినా వార్తే, పోకపోయినా వార్తే. ఆహ్వాన సంఘంలో ఆయన పేరు కనిపిస్తే అప్పటికి ఆయన ఇంకా వకీలే, సర్కారు కొలువులో చేరలేదని అనుకోవచ్చు. పత్రికలు రెండు చూడండి: నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామ నరసింహారావు గారు 1922లో మొదలుపెట్టిన నీలగిరి, 1926 మే 10న మొదలైన గోలకొండ. ఆయన పద్యాలు రాసేవారని ఇంట్లో ఎవరైనా అంటే, 354 మంది తెలంగాణ కవులతో వచ్చిన గోలకొండ కవుల సంచిక కూడా తిరగేయండి.

ఉద్యోగ వివరాల కోసం ముందు చూడవలసింది జరీద, ఆ తర్వాత నిజాం సర్కారు సివిల్ శాఖల అధికారుల క్లాసిఫైడ్ లిస్టులు. అధికారి హోదా, పనిచేస్తున్న చోటు, జీతం ఆ లిస్టుల్లో ఉంటాయి. ఏటేటి లిస్టు వరసగా చూస్తే బదిలీల దారి తెలుస్తుంది. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడిగేటప్పుడు "మా ముత్తాత ఫైలు కావాలి" అంటే పని కాదు. శాఖ పేరుతో అడగాలి. కోర్టుల వ్యవహారం అదాలత్ వ కొత్వాలీ వ ఉమూర్-ఎ-ఆమ్మా, అంటే న్యాయ, పోలీసు, సాధారణ వ్యవహారాల శాఖ కింద ఉండేది. పెన్షన్‌ను వజీఫా అనేవారు. మామూలుగా వయసు నిండి దిగిపోతే "వజీఫా హుస్న్-ఎ-ఖిద్మత్" అని ఉంటుంది. ఆ మాట ఉంటే ఆయన మామూలు పద్ధతిలో పెన్షన్ మీద దిగిపోయారన్న మాట. లెక్కల వైపు కాగితాలు సదర్ మహాసిబీ, అంటే అకౌంటెంట్ జనరల్ కార్యాలయానివి. పోయేటప్పుడు పేరు ఉర్దూలో నాలుగైదు రకాలుగా రాయించుకొని, ఫస్లీ సంవత్సరాలు పక్కన వేసుకొని పోండి.

వాదించిన కేసుల కోసం ఉర్దూలో వచ్చిన దక్కన్ లా రిపోర్ట్ సంపుటాలు చూడండి. జిల్లా నుంచి హైకోర్టుకు మురాఫాగా, అంటే అప్పీలుగా పోయిన కేసుల్లో వకీళ్ల పేర్లు ఉంటాయి. జిల్లా కోర్టు రికార్డు గదిలో నకలు అడగాలంటే కేసు నంబరు, సంవత్సరం లేకుండా ఎవరూ వెతకలేరు. ఆ నంబరు మీ సందుగలోని ఇజ్రా కాగితాల మీదనే, అంటే డిక్రీ అమలు కాగితాల మీదనే దొరుకుతుంది. గడువు తీరిన కేసుల్లో తీర్పు, డిక్రీ, రిజిస్టరు ఉంచి మిగతావి తీసేయడం కోర్టుల పద్ధతి. వాంగ్మూలాలు దొరకలేదని బాధపడకండి.

జిల్లా హద్దులు కూడా మోసం చేస్తాయి. జనగామ తాలూకా 1953 దాకా నల్లగొండ జిల్లాలోనే ఉంది, ఆ తర్వాత చేరిన వరంగల్ వైపు వెతికితే పాతవి దొరకవు. గద్వాల, అలంపూర్ 1956 దాకా రాయచూరు జిల్లా, కొడంగల్ గుల్బర్గా జిల్లా. ఆయన అలంపూర్‌లో మున్సిఫ్‌గా ఉండి ఉంటే జాబితాలో రాయచూరు కింద చూడాలి. పాలమూరుకు మహబూబ్‌నగర్ పేరు 1890లో వచ్చింది. అంతకుముందు జిల్లా పేరు నాగర్‌కర్నూల్.

ఫోటో గురించి. తలకు దస్తార్, నడుముకు బగ్లూస్ పట్టీ ఉంటే అది దర్బారుకు పోయే దుస్తులు. జడ్జి గౌను కాదు. "జడ్జి దుస్తుల్లో" అని కింద రాయకండి. అట్లాగే రావు సాహెబ్, రావు బహద్దూర్ అన్నవి బ్రిటిష్ సర్కారు బిరుదులు. నిజాం మున్సిఫ్ పేరు ముందు అవి ఉంటే ఎవరిచ్చారో కాగితం చూశాకే వాడండి.

ఒక విషయం కష్టంగా ఉన్నా రాయాలి. ఆ రోజుల్లో నల్లగొండ వకీలు ముందుకు వచ్చే కేసులు వతన్లు (వంశపారంపర్య హక్కులు), వారసత్వం, దత్తత, పాళ్ల పంపకాలు, అప్పు దావాలు, భూమి బేదఖలు (భూమి నుంచి వెళ్లగొట్టడం). ఫీజు ఇవ్వగలిగినవాళ్లు దేశ్‌ముఖులు, సాహుకార్లు. జనగామ వైపు షేక్ బందగీ తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ అండ ఉన్నవాళ్లతో కోర్టుల చుట్టూ తిరిగి, చివరికి హత్యకు గురయ్యాడు. బందగీ వంటివాళ్ల పక్షాన నిలబడ్డ వకీళ్లు ఉన్నారు, ఎదుటి పక్షాన నిలబడ్డవాళ్లూ ఉన్నారు. మీ ముత్తాత గారి వకాలతన్ కట్ట తీసి, ఎన్ని కేసుల్లో ఎవరి తరఫున ఉన్నారో లెక్క వేయండి. లెక్క ఎటు తేలితే అటు రాయండి. పెద్దమనిషిని కాపాడబోయి ఆ కేసులు దాచితే, ఎదుటి పక్షం మనవలు కూడా ఆ పుస్తకం చదువుతారు.

1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్యతో నిజాం పాలన పోయాక కాగితాల రూపం మారుతుంది. 1949లో జాగీర్లు పోయాయి, వాటి కోర్టులూ వాటితోనే. నల్లగొండ జిల్లా సాయుధ పోరాట కేసుల్లో స్పెషల్ ట్రైబ్యునల్ మరణశిక్షలు వేసింది. ఆ వ్యవహారం 1951లో జనార్దన్ రెడ్డి వర్సెస్ స్టేట్ ఆఫ్ హైదరాబాద్‌గా సుప్రీంకోర్టుకు పోయింది. లండన్ నుంచి బారిస్టర్ డి.ఎన్. ప్రిట్ వచ్చి ముద్దాయిల పక్షాన నిలబడ్డారు. మీ ముత్తాత గారు అప్పటికి వకాలత్‌లోనో బెంచి మీదనో ఉంటే ఆ ఏళ్లను దాటవేయకండి. 1951 ఏప్రిల్ 1 నుంచి ఇండియన్ పీనల్ కోడ్, భారత ప్రొసీజర్ కోడ్‌లు ఇక్కడికి వచ్చాయి, కోర్టు భాష ఇంగ్లీషు వైపు జరిగింది. ఉర్దూలో ఉద్దండులైన పాత వకీళ్లు చాలామంది అక్కడ వెనక్కి తగ్గారు. ఆ ఏళ్లలో ఆయన పని ఆపేస్తే "ఆరోగ్యం బాగాలేక" అని రాసేముందు ఇది కూడా ఆలోచించండి. 1950 నుంచి 1956 దాకా ఏ.ఐ.ఆర్. (ఆల్ ఇండియా రిపోర్టర్ అనే తీర్పుల సంపుటాలు) హైదరాబాద్ భాగం చూస్తే, ఆయన కింది కోర్టులో చెప్పిన తీర్పులో, వాదించిన దావాలో పై కోర్టులో తేలినవి ఇంగ్లీషులో దొరికే అవకాశం ఉంది.

ఇంటి భూమి సంగతి తేలాలంటే సేత్వార్ (పాత భూమి సర్వే రికార్డు), 1954–55 ఖాస్రా పహాణీ, ఇనాము ఉంటే ముంతఖబ్ (ఇనాము ఖాయం చేసిన కాగితం), కొన్నవైతే బైనామాలు (అమ్మకపు దస్తావేజులు) చూడాలి. బైనామాలో ఆయన పేరు వెంట వృత్తి, ఉంటున్న ఊరు రాసి ఉంటాయి కాబట్టి, ఏ సంవత్సరంలో ఆయన ఎక్కడ కాపురం ఉన్నారో దానితో సరిచూసుకోవచ్చు.

రాసేటప్పుడు ఫస్లీ తేదీని తీసేయకండి. ముందు కాగితంలో ఉన్నది ఉన్నట్టు, పక్కన ఇంగ్లీషు నెల, సంవత్సరం. ఇంట్లో విన్నమాటను "ఇంట్లో చెప్పుకునేది" అనే రాయండి, కాగితంలో ఉన్నదాన్ని కాగితం నంబరుతో రాయండి. రేపే మొదలుపెట్టాలంటే, నకళ్లన్నిటిలో బఇజ్లాస్ వరస ఒక్కటి చదివించి, పేరు, హోదా, కోర్టు, తీర్పు తేదీ నాలుగు గళ్ల పట్టిక వేసి ఇక్కడ పెట్టండి. ఆయన ఏ సంవత్సరంలో బల్లకు ఇటువైపు నుంచి అటువైపు పోయారో ఆ పట్టికలోనే బయటపడుతుంది.